తడి బ్రష్

రోజంతా ఊళ్ళోవాళ్ళ నోళ్ళు చూసీ చూసీ, ఆఖరి పేషెంటుగా మా అత్తయ్యని కుర్చీలో కూర్చోబెట్టాను. ముందుపళ్ళు రెండు కదులుతున్నాయి. ఎక్స్‌రేలో వాటి కింద ఎముక సగం లేదు.

"పళ్ళ డాక్టరు ఇంట్లోనే ఇలానా? దీపం కింద చీకటంటే ఇదే," అన్నాను. నిలబడి నిలబడి నడుం లాగేస్తోంది.

నేను అందరికీ చెప్పే పాఠమే మళ్ళీ మొదలుపెట్టాను.

"చిగుళ్ళలో పాచి చేరితే, సాయం రమ్మని ఒళ్ళు కబుర్లు పంపుతుంది. పాచి పోనంతకాలం ఆ కబుర్లు ఆగవు. చివరికి సాయానికొచ్చిన కణాలే ఎముకని కరిగించేస్తాయి. ఆ కబుర్లే రక్తంలో కలిసి మీ వేళ్ళ కీళ్ళవాపునీ ఎగదోస్తాయి. రోజూ సరిగ్గా తోముకోవాలి కదా అత్తయ్యా."

"తోముకుంటూనే ఉన్నానుగా."

అదీ నిజమే. రోజూ పొద్దున్నే ఆవిడ బ్రష్ తడిగానే ఉంటుంది.

కొత్త బ్రష్ చేతికిచ్చి, ఎలా తోముకుంటారో చూపించమన్నాను. వాచిన వేళ్ళు సగం వరకే ముడుచుకున్నాయి. బ్రష్ జారి ఒళ్ళో పడింది.

"ఎన్నాళ్ళుగా ఇలా?"

"చాన్నాళ్ళే అయిందమ్మా."

"మరి బ్రష్ రోజూ తడిగా ఉంటోందే?"

"రెండు అరచేతుల మధ్యా పట్టుకుని కుళాయి కింద తడిపి పెట్టేసేదాన్ని."

"నాకు చెబితే నేను తోమేదాన్ని కదా."

ఆవిడ ఒళ్ళో బ్రష్‌నే చూస్తూ అంది.

"రోజంతా అందరి నోళ్ళూ కడిగొస్తావు. ఇంటికొచ్చాక నీకు ఇంకో నోరెందుకనీ."