రేకు పొయ్యి పాఠం

"విప్పు. మళ్ళీ మొదట్నుంచీ పెట్టు," అన్నాడు దెమ్యాన్.

ఇగ్నాత్ అప్పుడే నిలబెట్టిన పొగగొట్టాన్ని ముక్కలుగా ఊడదీసి, రేకు పొయ్యి కాళ్ళు మడిచి మంచు మీద పరిచాడు. పొద్దుటినుంచి ఇది మూడోసారి.

"ఇప్పుడేం తప్పు చేశాడయ్యా?" అని అడిగింది రైసా పావ్లొవ్నా. ఆవిడ గుడారం గుమ్మంలో కూచుని, మంట రాజెయ్యడానికి బిర్చ్ చెట్టు బెరడు చీలుస్తోంది.

"పొయ్యి కింద మూడు పచ్చి దుంగలు వెయ్యమన్నాను. రెండే వేశాడు. గంటసేపు మండితే కింద మంచు కరిగి పొయ్యి ఒరుగుతుంది. కాలిన గొట్టం గుడారానికి తగులుతుంది. తర్వాత ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు."

"నిన్న నేనూ రెండే వేశాను."

"మీకు మూడోది నేను వేశాను."

ఉరల్ అడవుల్లో చలికాలం గుడారం వేసుకుని, పొయ్యి వెలిగించుకుని పడుకోవడం ఎలాగో నేర్పడం దెమ్యాన్ వృత్తి. నేర్చుకునేవాళ్ళని శుక్రవారం అడవికి తీసుకొచ్చి ఆదివారం ఊళ్ళో దింపుతాడు. పన్నెండేళ్ళుగా ఇదే పని. మహా ఓపిక గలవాడని పేరు. ఈసారి వచ్చింది ఇద్దరే. రైసా పావ్లొవ్నా ముప్పయ్యేళ్ళు ట్రామ్ నడిపి రిటైరైంది. గడ్డకట్టిన చెరువు మీద చేపలు పట్టడం ఆవిడ పిచ్చి. ఇకమీదట వెచ్చగా కూచుని పట్టాలని ఆవిడ ఆశ. ఇగ్నాత్ కళ్ళజోడు పెట్టుకున్న లెక్కల మేష్టారు. ఎందుకు నేర్చుకుంటున్నాడో పైకి చెప్పలేదు.

పొయ్యి మళ్ళీ లేచింది. ఇగ్నాత్ కట్టెలు తెచ్చాడు. దెమ్యాన్ ఒకటి తీసి చూసి విసిరికొట్టాడు.

"స్ప్రూస్ కట్టె. చిటపటలాడుతుంది. నిప్పురవ్వ లేచి గుడారం మీద పడితే?"

"గొట్టం పైన జాలీ పెట్టానండీ."

"జాలీకి మసి పట్టి మూసుకుపోతే?"

"దులుపుతాను. రెండు గంటలకోసారి."

"నిద్రపట్టేస్తే?"

ఇగ్నాత్ వంగి కట్టెలు సర్దసాగాడు.

"అడుగుతున్నాను కదా. నిద్రపట్టేస్తే?"

"పట్టదండీ. మేలుకునే ఉంటాను."

"అందరూ అనేది అదే. సరే, గుడారం అంటుకుంది. ఏం చేస్తావు?"

"కత్తితో గుడ్డ కోసి బయటికి..."

"కత్తి ఎక్కడుంది?"

"సంచిలో."

దెమ్యాన్ ఆ సంచిని ఎత్తి బయట మంచులో పారేశాడు. "వెతుక్కో. వెతికేలోపు అంతా కాలిపోయింది. కత్తి తలకింద ఉండాలి. చీకట్లో చెయ్యి చాస్తే తగలాలి."

ఇగ్నాత్ వెళ్ళి సంచి తెచ్చుకున్నాడు. మంచు దులిపి, కత్తి తీసి, పక్క మీద తలవైపు పెట్టాడు. ముఖం ఎర్రబడింది.

మధ్యాహ్నం డబ్బా మాంసం కలిపి వండిన గ్రేచ్కా గింజలు తిన్నారు. తింటూ రైసా పావ్లొవ్నా తన తడి చేతితొడుగులు గొట్టానికి ఆనించి ఆరేసింది. ఉన్ని కాలిన వాసన వచ్చింది. దెమ్యాన్ నవ్వి, వాటిని తీసి తాడు మీద వేశాడు.

ఆవిడ ఆ నవ్వు చూసింది. మెల్లగా అడిగింది. "నీ చేతుల మీద ఎవరైనా పోయారా, నాయనా? ఈ కోపం అందుకేనా?"

"ఎవరూ పోలేదు."

"మరి?"

"పోకూడదు," అని బకెట్ తీసుకుని వాగుకి వెళ్ళాడు.

అతను నీళ్ళతో తిరిగొచ్చేసరికి గుడారం లోపల హాయిగా వెచ్చగా ఉంది. ఇగ్నాత్ ఒక్కడే పొయ్యి పక్కన కూచున్నాడు. గొట్టంలో పొగ దారికి అడ్డం తిప్పే మూత పూర్తిగా మూసి ఉంది. దెమ్యాన్ చేతిలోంచి బకెట్ జారిపోయింది. మూత తెరిచి, గుడారం తలుపు బార్లా తీసి, ఇగ్నాత్ కాలర్ పట్టుకుని ఈడ్చుకెళ్ళి మంచులోకి తోశాడు. కళ్ళజోడు ఎగిరి అవతల పడింది.

"ఎందుకు మూశావు?"

"మంట తగ్గింది కదా... వేడి పోకుండా ఉంటుందని..."

"మంట తగ్గింది. నిప్పులు ఎర్రగానే ఉన్నాయి. గొట్టం మూస్తే ఆ నిప్పుల్లోంచి విషవాయువు లోపల చేరుతుంది, దానికి వాసన ఉండదు, రంగుండదు. నీకు తలనొప్పి మొదలయ్యేసరికి పక్కన పడుకున్నవాళ్ళ పని అయిపోతుంది. లెక్కలు చెబుతావు, ఈపాటి లెక్క తెలీదా నీకు?"

రైసా పావ్లొవ్నా ఇక ఊరుకోలేకపోయింది. "చాలించు. నిన్న ఆ మూత నేనూ మూశాను. 'అలా చెయ్యకూడదండీ' అని నవ్వుతూ చెప్పావు నాకు. ఈయన్ని మాత్రం కుక్కని ఈడ్చినట్టు ఈడుస్తావా? నీకేం పాపం చేశాడు?"

దెమ్యాన్ మంచులో కళ్ళజోడు వెతికి, చొక్కా అంచుతో అద్దాలు తుడిచి, ఇగ్నాత్ చేతికిచ్చాడు. "మళ్ళీ వెలిగించు," అన్నాడు. "నిప్పులన్నీ బూడిదయ్యేదాకా ఆ మూత జోలికి పోకు." ఖాళీ బకెట్ పట్టుకుని మళ్ళీ వాగువైపు నడిచాడు.

ఆవిడ ఇగ్నాత్‌కి చెయ్యందించి లేపింది. "ఇన్ని మాటలు ఎందుకు పడుతున్నావు బాబూ? నేర్పేవాళ్ళు ఊళ్ళో ఇంకెవరూ లేరా?"

"ఉన్నారండీ. నేనే ఏరికోరి ఈయన దగ్గరికొచ్చాను. వచ్చేవారం ఒకటో తరగతి వాళ్ళకి సెలవులు. మా ఇంట్లో ఏడేళ్ళ పాప ఉంది. అడవిలో గుడారంలో పడుకోవాలని ఒకటే మారాం. తీసుకెళ్తానని మాటిచ్చాను."

"ఆ ముక్క వాడి మొహాన చెప్పు. పసిదాని కోసం వచ్చావని తెలిస్తే కాస్తయినా జాలిపడతాడేమో."

"ఆయనకి తెలుసండీ."

"తెలిసీ ఇలాగా? మీ ఇంటి పిల్లని నువ్వు చూసుకోలేవా? మధ్యలో ఆయనకెందుకట అంత మంట?"

ఇగ్నాత్ కళ్ళజోడు పెట్టుకుని, వాగువైపు వెళ్తున్న మనిషిని చూశాడు.

"మా ఆవిడ మొదటి భర్త ఈయనేనండీ. ఆ పాప ఆయన కూతురు."