పన్నెండో గూడు

పన్నెండు ఎలుకల్ని మూడు వారాలుగా చిమ్మచీకటి గదిలో ఉంచాం. పగలూ రాత్రీ తెలియకపోతే వాటి ఒంట్లో గడియారం ఎలా నడుస్తుందో చూడాలి. మేత వేళను అవి పసిగట్టకూడదని, రోజూ చీటీ తీసి అందులో ఉన్న వేళకే వెళ్తాను. పిసరంత వెలుతురు పడినా చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరే. అందుకని తడుముకుంటూ, గది చివరి గూటి నుంచి తలుపు వైపు మేత వేసుకుంటూ వస్తాను. మనిషి అలికిడికి అవి గూట్లోని చక్రం తిప్పడం ఆపేస్తాయి; ఆ తిరుగుడంతా బయట నా కంప్యూటర్ తెర మీద గీతలుగా పడుతుంది.

ఇవాళ చీటీలో రాత్రి రెండు అని వచ్చింది. పది నిమిషాల ముందే తెర మీద పన్నెండు చక్రాలూ ఒక్కసారిగా ఆగిపోయాయి. పాత గీతలు తిరగేశాను. ఇరవై రోజులుగా ఇదే వరస.

సీనియర్ అక్కకి ఫోన్ చేశాను.

"నీ అడుగుల చప్పుడు వినుంటాయిలే," అంది నిద్రమత్తులో.

"నేనింకా కుర్చీలోంచి లేవలేదక్కా."

"తాళంచెవి ఎవరి దగ్గరుంది?"

"ఉన్నది ఒక్కటే. నా మెడలోనే ఉంది."

"లైటు మాత్రం వేయకు," అంది.

మేత డబ్బా చంకలో పెట్టుకుని తలుపుకి చెవి ఆనించాను. లోపల డబ్బా మూత కిర్రుమంది. గది చివర గిన్నెలో గింజలు రాలాయి. తర్వాత పక్క గూట్లో. నేను వేసినట్టే, తొందర లేకుండా.

పదకొండు లెక్కపెట్టాను. పన్నెండో గూడు తలుపు పక్కనే ఉంటుంది.