అష్టవంకరల గొట్టాలు

“బంగారంలాంటి పని అన్నయ్యా. దీన్ని బానెట్ కింద దాచేసే బదులు గోడకు తగిలించుకుని చూసుకోవచ్చు,” అన్నాడు తమ్ముడు, ఇంజను మీదకి వంగి.

మూడు వారాలు మేస్త్రి ఒళ్లు దాచుకోకుండా చేసిన పని అది. ఇంజనులోంచి పొగను బయటికి తెచ్చే నాలుగు గొట్టాలు, హెడర్లంటారు. నాలుగూ నాలుగు దారుల్లో వంపులు తిరిగినా, పొడవులో వెంట్రుకవాసి తేడా లేకుండా వచ్చి ఒకచోట కలుస్తాయి. అంత పాత కారుకి అలాంటివి బజార్లో దొరకవు. ముక్కముక్కా కోసి అతుక్కోవాల్సిందే. ఆ విద్యలో మేస్త్రిని మించినవాడు లేడని ఊరంతా అంటుంది, ఆయనా కాదనడు.

తాళం తిప్పాడు. ఇంజను ఎక్కడా తొట్రుపడకుండా, సన్నగా, హాయిగా మోగింది. తమ్ముడు చప్పట్లు కొట్టాడు. మేస్త్రి మొహం మాడిపోయింది.

“ఇది మా కారు చప్పుడు కాదురా,” అన్నాడు.

తమ్ముడికి సంగతి తెలుసు. మేస్త్రి భార్యకు మతిమరుపు జబ్బు మొదలై రెండేళ్లయింది. ముందు వీధుల పేర్లు పోయాయి, తర్వాత వంటింట్లో డబ్బాలు, ఆ తర్వాత మొగుడు. పగలు తోడుండే తోటికోడలినైనా ఒక్కోసారి పోల్చుకుంటుంది గాని, కట్టుకున్నవాణ్ని చూస్తే మాత్రం చీర సర్దుకుని ఒద్దికగా కూర్చుంటుంది. “మీరెవరి తాలూకు?” అని అడుగుతుంది. ముప్పై ఆరేళ్లు కాపురం చేసిన మనిషి ఆ మాట అడిగితే ఏం చెప్తాడు, పాపం. ఎదురింటివాళ్ల తాలూకు అని అబద్ధమాడేవాడు. నిజం చెప్తే భయపడేది మరి.

అయినా ఒక్క దారి మిగిలింది. సాయంత్రం కారు సందు మలుపు తిరిగితే చాలు, ఆ చప్పుడుకి ఆమె లేచి తలుపు తీసేది. “వచ్చారా,” అనేది. చెప్పులు విప్పి చేతులు కడుక్కునేదాకా, ఆ కాసేపూ ఆయన మొగుడే. ఆ కాసేపటి కోసమే మిగతా రోజంతా గడిపేవాడు. రెండు నెలల కిందట పాత హెడర్లు అతుక్కి కూడా పనికిరాకుండా పగిలిపోయాయి. అప్పట్నుంచి తలుపు తెరుచుకోలేదు.

కొత్తవాటితో ఆ సాయంత్రం ఇంటికి వెళ్లాడు. ఆమె కిటికీ పక్కన బట్టలు మడతపెడుతోంది. కారు వాకిట్లోకొచ్చి ఆగినా తలెత్తలేదు. ఆయన లోపలికి వెళ్లి, నీళ్లు తెచ్చి ఆమె చేతికిచ్చి, ఎదురింటివాళ్ల తాలూకు మనిషిలాగే దూరంగా కూర్చున్నాడు. ఇల్లు బావురుమంటున్నట్టనిపించింది.

మర్నాడు షెడ్డులో ఆ మాట చెప్పుకుంటే తమ్ముడు కాసేపు నసిగాడు.

“పాతవి నువ్వు పని నేర్చుకునే రోజుల్లో చేసినవి కదన్నయ్యా. ఏమీ అనుకోకు. అష్టవంకరలు. ఏ రెండూ ఒక్క పొడవు లేవు. ఆ గోలంతా దానివల్లే.”

మేస్త్రి తుక్కులోంచి పాత గొట్టాలు లాగి దారంతో కొలిచాడు. నిజమే, నాలుగూ నాలుగు రకాలు. ఒకదాన్లో పొగ ముందొచ్చి, ఒకదాన్లో వెనకొచ్చి, ఆ కారు గుడగుడలాడుతూ మధ్యలో పొలమారినట్టు ఆగి మళ్లీ అందుకునేది. పెళ్లయిన కొత్తలో, మీ కారు మీకంటే ముందే వచ్చి తలుపు కొడుతుందని ఆమె ఆటపట్టించేది.

సరే, చెడగొడదామని కూర్చున్నాడు. అనుకున్నంత తేలికా అది? చెయ్యి అలవాటుకొద్దీ సరిగ్గానే కోసేది. వంపు సాఫీగా వస్తే తీసి అవతల పడేసి, మళ్లీ మొరటుగా అతికేవాడు. బండి బాగుకిచ్చిన పెద్దమనిషొకడు అది చూసి, మేస్త్రికి చూపు మందగించిందా అని తమ్ముణ్ని చాటుగా అడిగాడు. మేస్త్రి విన్నాడు. పరువు పోతే పోయిందనుకుని ఇంకో రెండు వారాలు ఆ చెత్తపనే శ్రద్ధగా చేశాడు.

బిగించి తాళం తిప్పేసరికి షెడ్డు రేకులు అదిరాయి. గుడగుడ, చిన్న పొలమారు, మళ్లీ గుడగుడ. తమ్ముడు కళ్లు తుడుచుకున్నాడు.

“ఇదే అన్నయ్యా. ఇంక ఆలస్యం చేయకు, వెళ్లు.”

అద్దంలో తల దువ్వుకుని బయల్దేరాడు మేస్త్రి. ఈ వయసులో గుండె దడదడలాడుతుంటే తనకే సిగ్గేసింది. సందు మలుపులో వేగం తగ్గించి, కారుని దాని ఇష్టానికి అరవనిచ్చాడు.

ఇంకా వాకిలి చేరకముందే తలుపు తెరుచుకుంది. ఆమె గడపలో నిలబడి, చెదిరిన జుట్టు వెనక్కి దువ్వుకుంటూ, కారుని చూసి నవ్వుతోంది. ఎన్నాళ్లయింది ఆ నవ్వు చూసి. ఆయన మెట్లెక్కి ఆమె ఎదుట నిలబడ్డాడు.

“వచ్చాను,” అన్నాడు.

ఆమె ఆయన భుజం పక్కనుంచి తొంగి కారువైపు చూసి, మళ్లీ ఆయనవైపు తిరిగింది. ఆ మొహంలో సంతోషం పట్టలేకుండా ఉంది.

“మా ఆయన వచ్చేశారండీ, ఇక మీరు వెళ్లిరండి.”