తప్పు ఖాతా

“డబ్బు పడలేదు,” అన్నాడు కామెన్, కౌంటరు అద్దాన్ని వేలితో కొడుతూ.

అద్దం వెనక స్టాంకా తల ఎత్తలేదు. బల్గేరియాలోని ప్లెవెన్‌లో ఆ పేట జనం కరెంటు బిల్లూ, నీళ్ళ బిల్లూ, ఇళ్ళు వెచ్చబరిచే గొట్టాల బిల్లూ కట్టేది ఆ చిన్న కిటికీలోనే. ఆన్‌లైన్ పోకర్ పేకాట ఖాతాలో నగదు వేసేదీ అక్కడే.

“ఏ డబ్బు నాయనా?”

“పొద్దున ఇచ్చిన నాలుగు వందల లెవాలు. పోకర్ ఖాతాలో సున్నా చూపిస్తోంది.”

“ఒక్కోసారి ఆలస్యమవుతుంది.”

“ఇన్నాళ్ళూ కాని ఆలస్యం ఇవాళే అయిందా? నిద్రమత్తులో ఏం నొక్కావో చూసుకో!”

వరుసలో వెనకనున్న ముసలాయన దగ్గాడు.

“నువ్వు ట్రాలీబస్సు నడిపేదీ నిద్రలోనే కదయ్యా! జరుగు, నా నీళ్ళ బిల్లు కట్టుకోవాలి.”

జనం నవ్వారు. కామెన్ నవ్వలేదు. ఆ మధ్యాహ్నం మొదలయ్యే పెద్ద ఆట అతను లేకుండానే మొదలైంది. ఉంటే గెలిచేవాణ్ణని అతని నమ్మకం. దానికి ఆధారమేమిటని అడిగినవారు లేరు.

నిజానికి ఆ డబ్బు అతనిది కాదు. వెచ్చదనం బాకీ తీర్చమని భార్య నెవెనా కూడబెట్టి ఇచ్చినది. శుక్రవారంలోగా కట్టకపోతే కంపెనీవాళ్ళు వచ్చి గొట్టానికి సీలు వేస్తారు. ఇంట్లో నెలల పిల్ల ఉంది. గడువు ఎప్పుడో కనుక్కోవడానికి నెవెనా ఆ కౌంటరుకు రెండుసార్లు వచ్చి వెళ్ళింది కూడా.

“కట్టావా?” అని ఇంట్లో అడిగితే “కట్టాను” అన్నాడు.

అబద్ధం చెబుతున్నానన్న బాధ కూడా కలగలేదు. కొంతకాలంగా అతనికి ఏదీ కలగడం లేదు.

మరునాడు పెద్ద కార్యాలయంలో ఫిర్యాదు చేశాడు. మేనేజరు స్టాంకాను పిలిపించి, కంప్యూటరులో చూసి కనుబొమలు ఎగరేశాడు.

“మీ డబ్బు ఎక్కడికీ పోలేదు. మీ ఇంటి వెచ్చదనం బాకీకే జమ అయింది.”

“నేను అక్కడ వెయ్యమనలేదు.”

“మీ బాకీయే కదండీ తీరింది?”

“అది నా ఇంటి సంగతి. పోకర్‌లో వెయ్యమన్నాను. వేశారా, లేదా?”

వాదనలో తప్పు లేదు. నియమం అతని పక్షాన ఉంది.

మేనేజరు స్టాంకా వైపు తిరిగాడు.

“ఏం జరిగిందమ్మా?”

“పొరపాటున వేరే మీట నొక్కాను,” అందామె.

కామెన్‌ను ఒక్కసారి చూసింది. ఆ చూపులో కోపం లేదు. జాలీ లేదు.

అటు జమ అయిన సొమ్ము వెనక్కి రాదు. అందుచేత ఆమె జీతంలోంచి నాలుగు వందలు కోసి అతనికి ఇచ్చారు. ఉద్యోగం నుంచి ఆమెను తీసేశారు. ఆ డబ్బును అతను అదే కిటికీలో, గోళ్ళకు రంగు వేసుకున్న కొత్త అమ్మాయి చేత పోకర్ ఖాతాలో వేయించుకున్నాడు. మధ్యాహ్నం భోజనం ముగిసేలోగా అదీ పోయింది.

శుక్రవారం వచ్చింది. సీలు వేసేవాళ్ళు పక్కింటికి వచ్చి, అతని తలుపు దాటి వెళ్ళిపోయారు.

“ఈసారి మాట నిలబెట్టుకున్నావు,” అంది నెవెనా, పిల్లకు పైచొక్కా విప్పుతూ.

కామెన్ రేడియేటరు మీద చెయ్యి పెట్టాడు. వేడిగా ఉంది. చెయ్యి కాలుతోందని తెలియడానికి అతనికి కొంతసేపు పట్టింది.

చలికాలం ముగింపులో ఒకసారి గెలిచాడు. నాలుగు వందలు బయటికి తీయమని కోరాడు. ఖాతాలో ఉన్నంతసేపూ అవి అంకెలే. కిటికీలోంచి నోట్లుగా చేతికి వచ్చాక ఏం చెయ్యాలో అతనికి తోచలేదు. లోపలికి పంపడమే అలవాటు.

“పాతావిడ ఎక్కడుంటుంది?”

“స్టాంకానా? మిల్లు వెనక అపార్టుమెంట్లలో,” అంది కొత్త అమ్మాయి.

ఆ తలుపు ఎంత కొట్టినా తెరుచుకోలేదు. కట్టెల మోపుతో మెట్లెక్కి వస్తున్న వృద్ధుడొకడు ఆగాడు.

“లేదు బాబూ. గ్రీసుకు పోయింది, ఎవరో మంచాన పడ్డ ముసలమ్మకు సేవ చెయ్యడానికి. కౌంటరులో డబ్బు తారుమారు చేసిందని పేరు పడ్డాక ఇక్కడ పనెవరిస్తారు?”

“ఎప్పుడొస్తుంది?”

“ముసలమ్మ పోయాక. నీకేం పని?”

కామెన్ నోట్లు బయటికి తీశాడు.

“ఇవి ఆవిడవి. మా ఇల్లు చల్లబడకుండా ఆవిడ పోగొట్టుకున్నవి.”

వృద్ధుడు కట్టెలు దించి, అతన్ని ఎగాదిగా చూశాడు.

“మీ ఇల్లా! ఈవిడ గొట్టానికే సీలు వేసి ఏళ్ళయింది. నా కట్టెల్లో సగం ఇక్కడే కాలేవి.”

కామెన్ చేతిలోని నోట్లను మరోసారి లెక్కపెట్టాడు.

“సరే, డబ్బు నాకివ్వు. జాగ్రత్త చేస్తాను.”

“మీరు బంధువులా తాతా?”

“పైవాటా వాణ్ణి. ఆవిడ జీతమంతా నెలనెలా నా దగ్గరే ఉండేది. రొట్టెకూ పాలకూ నన్నడిగి పట్టుకెళ్ళేది.”

“తన జీతం తన దగ్గర పెట్టుకోదా?”

ముసలివాడు అరచేతులు కోటుకు తుడుచుకుని నోట్లు అందుకున్నాడు.

“ ‘నా చేతికి మాత్రం ఇవ్వకు, సాయంత్రానికి పోకర్‌లో వేసేస్తాను’ అని నా చేత ఒట్టు వేయించుకుంది తనే కదయ్యా!”