అరువు సరుకు

“వదినా, ఆఫీసరు జీపొచ్చేసింది! వెనకాల లారీ కూడా ఉంది!” గుమ్మం దగ్గర నుంచి కేక పెట్టింది బిల్లులేసే ఆవిడ.

మేనేజరమ్మ గుండె జారిపోయింది. లారీ ఎందుకో వేరే చెప్పాలా? సరుకు లేని సర్కారు సూపర్‌మార్కెట్లకి ఈ నెలలో తాళాలేస్తారని ఊరంతా అనుకుంటోంది. అరలు ఊడదీసి ఎక్కించుకుపోవడానికే అయ్యుంటుంది.

కానీ ఇవాళ అరలు ఖాళీగా లేవు. పొద్దున్నే ఆవిడ రోడ్డు దాటి, ఎదురుగా ఉన్న ప్రైవేటు సూపర్‌మార్కెట్లో చెయ్యి చాచింది. అక్కడి మేనేజరు ఒకప్పుడు ఈ షాపులోనే పనిచేసి, ఆవిడ చేత నానా మాటలూ పడి వెళ్లినవాడు. పల్లెత్తు మాటనలేదు. “ఆఫీసరుగారు వెళ్లగానే ఇచ్చెయ్యండి మేడం” అంటూ సబ్బులూ, నూనె డబ్బాలూ, బిస్కెట్లూ తోపుడుబండి మీద పంపించాడు. నాలుగు తిట్టినా బాగుండేది. ఆ మర్యాదకే ఆవిడకి తల కొట్టేసినట్టయింది.

ఆఫీసరు అరలన్నీ చూసుకుంటూ వచ్చి ఒక నూనె డబ్బా అందుకోబోయాడు. దాని మీద ఎదురు షాపు ధర చీటీ సగం ఊడి వేలాడుతోంది! ఆవిడ గబుక్కున డబ్బా లాక్కుని చీటీని బొటనవేలితో అదిమింది.

“దుమ్ముంది సార్, తుడిచి పెడతాను.”

“షాపు భలే ఉంచారమ్మా! ఇక్కడ ఈగలు తోలుకుంటున్నారని చెప్పారే నాకు?”

“గిట్టనివాళ్లు చెప్పుంటారు సార్.” ఆ మాట అన్నాక తన మీద తనకే రోత పుట్టింది.

“అయితే సరుక్కి లోటేం లేదన్నమాట?”

బిల్లులేసే ఆవిడ తల దించుకుంది. నిజం మేనేజరమ్మ నాలుక చివరి దాకా వచ్చింది. అరువు తెచ్చి సర్దామని ఏ మొహం పెట్టుకుని చెప్పడం?

“ఏ లోటూ లేదు సార్” అంది చివరికి.

ఆఫీసరు బయటికెళ్లి చెయ్యి ఊపాడు. లారీ గుర్రుమంటూ కదిలి మలుపు తిరిగిపోయింది. హమ్మయ్య, గండం గడిచింది అనుకుందావిడ. రోడ్డవతల తోపుడుబండి సరుకు కోసం కాచుకుని ఉంది.

“లారీని పంపించేశారా సార్?”

“మరి? ఖాళీ షాపులు నింపమని ఇచ్చిన సరుకమ్మా అది. మీకెలాగూ అక్కర్లేదుగా, పక్క ఊరికి పంపేశాను.”