వైరు పీకినా పోని మాట

“మీ బావ చేసింది బాగోలేదా? ఆ ఒక్క ముక్క చెప్పరా. ఎవరెవరో చెబితే నాకక్కర్లేదు. నువ్వు చెప్పు.”

అక్క అలా నిలదీస్తుంటే తమ్ముడు తలెత్తలేదు. బావ పోయిన ఇన్నాళ్ళకి వచ్చాడు. ఆయన పనిచేసుకున్న గది రేపోమాపో అద్దెకు పోతుంది. పాత కంప్యూటరు, ప్రింటరు, చెయ్యి విరిగిన కుర్చీ మాత్రం మిగిలాయి. సామాను సర్దడంలో సాయం చేద్దామని వచ్చినవాడు ఆ కుర్చీలోనే కూలబడ్డాడు.

బావ జీవితమంతా ఒకే ఒక్క సాఫ్ట్‌వేర్ మీద పనిచేశాడు. ఉత్తరమైనా, పాఠమైనా, కథైనా కంప్యూటర్లో టైపు చేసుకోవడానికి పనికొచ్చేది. ఉన్నపళంగా కరెంటు పోయినా అందులో ఒక్క అక్షరం పోదు. అలా పోకుండా ఉందో లేదో చూసే ఉద్యోగం అక్కది. జీతం మాత్రం అడగకూడదు! ఆయన టకటకా టైపు చేస్తూ చేస్తూ ఉన్నట్టుండి “పీకవే!” అని కేకేసేవాడు. ఆవిడ చేతిలో గరిటె అక్కడే పడేసి, పరుగున వచ్చి గోడ దగ్గర వైరు పీకేసేది.

“మొగుడి పని చెడగొట్టి మెప్పు కొట్టేసే పెళ్ళాం లోకంలో నువ్వొక్కదానివే” అని ఆటపట్టించేవాడు.

అంతా అయ్యాక కూడా ఏడాది పాటు దాన్ని బయటికి వదల్లేదు మహానుభావుడు. ప్రింటరులో కాగితం ఇరుక్కుంటే చివరి వాక్యం ఎగిరిపోతోందట. “ఎవరు ఎవరికి రాసుకున్న మాటో, పోతే ఎలాగే?” అనేవాడు. సరిగ్గా ఆ ఏడాదిలోనే పెద్ద కంపెనీ సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఆఫీసులు, బళ్ళు, ఇళ్ళు, ఎక్కడ చూసినా అదే. బావది కొన్నవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

“చివరి రోజుల్లో ఒకటే కలవరింతరా” అంది అక్క. “‘నాదే బాగోలేదేమోనే, లేకపోతే ఇంతమందీ పొరబడతారా?’ అని. నువ్వొస్తే అడగాలని గుమ్మం వంక చూస్తూ చూస్తూనే పోయారు.”

“మొహం చెల్లక రాలేదక్కా.”

“పోనీలే. ఇప్పుడు చెప్పు.”

“బావదే బాగుంది. రెండోది దాని కాలి గోటికి కూడా సరిపోదు. తప్పుల తడక. రాసింది రాసినట్టే మింగేసేది.”

“మరెలా గెలిచింది?”

“కంప్యూటర్లు తయారుచేసేవాళ్ళతో ముందే బేరం కుదిరిపోయింది. పెట్టె విప్పితే అది అందులోనే ఉంటుంది, ఊరికే. ఇంకోటి కూడా ఉందని జనానికి తెలిస్తే కదా? ముందు వదిలేద్దాం, తప్పుల సంగతి తర్వాత చూసుకుందాం అన్నదే లెక్క. అంతా వ్యాపారం అక్కా. బావకి ఆ ఒక్కటే చేతకాలేదు.”

అక్క కళ్ళొత్తుకుంది. భర్త పోయాక మొదటిసారి ఆవిడ గుండెలో బరువు కాస్త దిగింది. ఈ మాట ఆయన చెవిన పడుంటే ఎంత బాగుండేది అనుకుని మళ్ళీ ఏడ్చింది.

తమ్ముడు పాత కంప్యూటరు ఆన్ చేశాడు. బావ సాఫ్ట్‌వేర్ తెరిచి, ‘గెలిచింది నాణ్యత కాదు, వ్యాపారం’ అని టైపు చేశాడు.

“పీకక్కా!”

ఆవిడ వైరు పీకేసింది. తెర నల్లబడింది. మళ్ళీ పెట్టింది. వాక్యం ఎక్కడిదక్కడే ఉంది. ఇద్దరూ చిన్నపిల్లల్లా వెక్కివెక్కి ఏడ్చారు.

మర్నాడు నగరంలో పెద్ద సభ. ఆ పెద్ద కంపెనీ గెలుపు నాణ్యత వల్లనా, వ్యాపార తెలివి వల్లనా అన్నదే అక్కడి చర్చ. తమ్ముడు మాట్లాడాలి.

“ఈ మాటే రేపు నలుగురిలో అనరా” అని అక్క అతని చెయ్యి పట్టుకుంది. “మీ బావ పేరు కూడా ఎత్తక్కర్లేదు. నువ్వంటే అందరూ నమ్ముతారు.”

“అంటానక్కా. నీ మీదొట్టు.”

మర్నాడు అక్క అందరికంటే ముందే వెళ్ళి మొదటి వరసలో కూర్చుంది. హాలు కిటకిటలాడుతోంది. తమ్ముడు వేదిక ఎక్కుతుంటే అందరూ లేచి చప్పట్లు కొట్టారు. అక్క కూడా చేతులు నొప్పెట్టేలా కొట్టింది.

చర్చ నడిపే ఆవిడ నాన్చకుండా అడిగేసింది. “నాణ్యతా, వ్యాపారమా? ఒక్క ముక్కలో చెప్పండి.”

తమ్ముడు మైకు దగ్గరికి జరుపుకున్నాడు. అక్క వైపు చూసి, చప్పున చూపు తిప్పుకున్నాడు.

“నా కంపెనీని గెలిపించింది నాణ్యతే” అన్నాడు.