పన్నెండు లిండెన్ చెట్లు

“చెట్లా ఇవి? జనాల కళ్ళకు గంతలు కడుతున్నారు మీరంతా! కట్టేవాళ్ళు, ప్లాన్లు గీసేవాళ్ళు, సరేనని సంతకాలు పెట్టేవాళ్ళు, అందరూ!”

ప్రేబెన్ గబగబా ఎదురెళ్ళాడు. డెన్మార్క్‌లోని రాండర్స్ ఊరి చివర కడుతున్న కొత్త ఇళ్ళకు అతనే సైటు మేనేజరు. ఆ ఉదయం మునిసిపాలిటీ తనిఖీ ఉంది. బురద బూట్లు, నారింజ రంగు కోటు వేసుకుని గేటు తోసుకొచ్చిన ఈ ఆడమనిషి పలకరింపైనా లేకుండా మొదలెట్టింది. ఇవాళ ఆమోదం రాకపోతే శనివారం దిగాల్సిన కుటుంబాలకు తాళాలివ్వలేడు. తాళాలివ్వకపోతే సోమవారం అతని కుర్చీలో ఇంకొకడుంటాడు.

“మేడమ్, ముందు కాఫీ తాగండి. దాల్చినచెక్క బన్ను కూడా ఉంది, వేడిగా.”

“బన్ను నువ్వే తిను. నియమాలు చెప్పు. చెట్టుకి ఎంత లోతు మట్టి ఉండాలి?”

“మనిషి నడుం లోతు...”

“వాన నీళ్ళు?”

“రోడ్డు మీది నీళ్ళన్నీ చెట్ల మొదళ్ళలో ఇంకాలి.”

“చిలకలా అప్పజెప్తున్నావే! తవ్వించు.”

“ఏంటి?”

“చెవుడా? తవ్వించు. ఒక చెట్టు కాదు, పన్నెండూ.”

“పచ్చిక నిన్ననే పరిచాం మేడమ్, పాడైపోతుంది...”

“పాడైపోనీ.”

పొక్లెయిన్ మీదున్న ఆస్గెర్ మేనేజరు వైపు చూశాడు. ప్రేబెన్ తలూపాడు. ఇంకేం చేస్తాడు? మొదటి చెట్టు చుట్టూ మట్టి లేచింది. కింద వేళ్ళు కాదు, నల్లటి ప్లాస్టిక్ తొట్టి బయటపడింది. రెండోదీ అంతే. మూడోదీ అంతే. ఆ తొట్లు ఎందుకున్నాయో ప్రేబెన్‌కూ ఆస్గెర్‌కూ తెలుసు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

“ఇదేంటి?”

“తాత్కాలికం మేడమ్. వచ్చే వారం తొట్లు తీసేసి, సరిగ్గా...”

“నోర్ముయ్! తాళాలు చేతికొచ్చేదాకా చెట్లుంటాయి. ఆ తర్వాత ‘జబ్బు చేసింది, మార్చి తెస్తాం’ అని మీ బండొస్తుంది. మిగిలేది గుంత, దాన్నిండా కంకర. వాన పడితే నీళ్ళెక్కడికి పోతాయిరా? జనాల ఇళ్ళలోకి! పిల్లల మంచాల కిందికి! మీ కాగితం మీద మాత్రం పచ్చటి వీధి!”

ఇంత పూసగుచ్చినట్టు ఈమెకు ఎవరు చెప్పారు? ప్రేబెన్ ఆస్గెర్ వైపు అనుమానంగా చూశాడు.

“నన్ను చూడకు బాసూ,” అన్నాడు ఆస్గెర్. “పాతమంటే పాతాను, పీకమంటే పీకాను.”

పన్నెండు చెట్లూ తొట్లతో సహా పైకొచ్చి వరసగా నిలబడ్డాయి. ఆమె ఒక్కొక్కదాని బెరడు మీద చెయ్యి వేసి చూసింది. చివరిదాని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగింది. తర్వాత రోడ్డు వైపు తిరిగి గట్టిగా ఈల వేసింది.

ట్రెయిలర్లు తగిలించిన మూడు ట్రాక్టర్లు గేట్లోంచి లోపలికొచ్చాయి.

“జప్తు చేస్తారా మేడమ్?” ప్రేబెన్ ఆమెకు అడ్డంగా వచ్చాడు. “చేసుకోండి. కొత్తవి తెచ్చి నడుం లోతున నాటిస్తాను. సంతకం మాత్రం ఆపకండి. ఎలా కావాలంటే అలా చేస్తాను.”

ఆమె ట్రెయిలరు వెనక తలుపు దభీమని కిందికి దించింది.

“పోయిన నెల జబ్బు చేసిందని మా వీధిలోంచి నువ్వు పీక్కొచ్చిన చెట్లివి, ఎక్కించు!”